తుపాకీ ఆయన దగ్గర, తాళంచెవి నా దగ్గర

మా ఇంటికి తుపాకీ వచ్చిన రోజు నేను పొయ్యి వెలిగించలేదు. కోపం వల్ల కాదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తేలక ఇద్దరం ఇల్లంతా తిరుగుతుంటేనే పొద్దు గూకింది. విజయవాడ షాపువాళ్ళు దాన్ని పొడుగాటి రెక్సిన్ సంచిలో పెట్టి ఇచ్చారు. మా ఆయన ఆ సంచిని మంచం మీద మెల్లగా పడుకోబెట్టి, పక్కనే కూర్చున్నారు. చివరికి పెళ్ళినాడు మా నాన్న ఇచ్చిన బీరువా ఖాళీ చేసి, నా చీరలన్నీ ట్రంకుపెట్టెలోకి మార్చాను. చీరలున్న చోట రెండు గొట్టాల తుపాకీ చేరింది. ఆ పూట ఇద్దరం అటుకులు, పెరుగు తిని పడుకున్నాం.

అది మా ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఏడాది పైన వెనక్కి వెళ్ళాలి.

నేను తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు రేపల్లె టౌన్లో అద్దె ఇంట్లో ఉన్నాం. నిజాంపట్నం వెళ్ళే దారిలో ఉన్న మా పొలాన్ని రొయ్యల చెరువులుగా మార్చాక టౌన్లో ఉండటం కుదరలేదు. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లు ఒక్క గంట ఆగినా రొయ్య చచ్చి తేలిపోతుంది. అందుకని గట్టు పక్కనే మూడు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఇంకో ఇల్లు కనబడాలంటే అర కిలోమీటరు నడవాలి. అమ్మాయి వడ్లమూడిలో హాస్టల్లో ఉండి చదువుకునేది. మా ఆయన తలుపులు వేసే మనిషి కాదు. పగలంతా వాకిలి బార్లా తీసి ఉండేది. దారిన పోయేవాళ్ళు మంచినీళ్ళకని వచ్చి, కాఫీ తాగి, గంటసేపు కబుర్లు చెప్పి వెళ్ళేవాళ్ళు.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం, సన్నగా చినుకులు పడుతున్నాయి. నేను వంటింట్లో టీ వడపోస్తున్నాను. నలుగురు మనుషులు మొహాలకు తువ్వాళ్ళు చుట్టుకుని తెరిచి ఉన్న వాకిట్లోంచే లోపలికి వచ్చారు. అంతకు రెండు రోజుల ముందే చెరువు పట్టి రొయ్యలు అమ్మాం. డబ్బు ఎక్కడ పెట్టావని మా ఆయన్ని అడిగారు. బ్యాంకులో పడుతుంది, ఇంట్లో ఏమీ ఉండదని ఆయన చెప్పారు. అది నిజం. వాళ్ళు నమ్మలేదు. ఒకడు చేతిలోని ఇనప పైపుతో ఆయన ఎడమ చెవి మీద కొట్టాడు. ఆయన కింద పడ్డాక మళ్ళీ కొట్టాడు.

ఇంకొకడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వలతాడుతో నా చేతులు వెనక్కి కట్టాడు. ముడి వేశాక వంగి, చాలా చిన్న గొంతుతో అడిగాడు.

“బిగుసుకుందా పిన్నిగారూ?”

అలా అడిగినట్టు అతనికే తెలుసో లేదో. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసిన మాట. నా మెడలో గొలుసు, చేతి గాజులు, ఇద్దరి ఫోన్లు తీసుకుని పావుగంటలో వెళ్ళిపోయారు. కట్టు వదులుగానే ఉంది. చేతులు నేనే విడిపించుకుని, వానలో రోడ్డు దాకా పరిగెత్తి, వచ్చిన మొదటి ఆటోని ఆపాను.

మా చుట్టుపక్కల అందరూ నన్ను అక్కా అనో వదినా అనో పిలుస్తారు. పిన్నిగారూ అని పిలిచేది ఒక్కడే. మా చెరువుల మీద మూడేళ్ళపాటు ఏరేటర్లు రిపేరు చేసిన మెకానిక్. ముప్ఫై ఏళ్ళ మనిషి, పెళ్ళయి ఒక పాప. వాళ్ళమ్మది తెనాలి పక్క ఊరని తెలిసిన రోజు నుంచి నాకు ఆ వరస కలిపాడు. అతను మా దగ్గర పనిచేసిన రోజుల్లో రొయ్యల డబ్బు నోట్ల కట్టలుగానే ఇంటికి వచ్చేది. ఆ తరవాత పద్ధతి మారిందని అతనికి తెలియదు.

మర్నాడు తెనాలి ఆసుపత్రి వరండాలో ఎస్సైగారు నా వాంగ్మూలం రాసుకున్నారు. మొహం చూడకుండా గొంతు ఒక్కటీ విని గట్టిగా చెప్పగలరా అమ్మా అని అడిగారు. చెప్పగలనండి అన్నాను. పదిరోజుల్లో నలుగురూ దొరికారు. లోపల నా మొగుడు తలకు కుట్లతో పడుకుని ఉంటే, బయట ఒక పాప తండ్రి పేరు నేను చెప్పాను. చెప్పినందుకు బాధపడలేదు. కానీ అతను నా వంటింట్లో పీట మీద కూర్చుని పప్పుచారు రెండోసారి వడ్డించుకున్న రోజులు వద్దన్నా గుర్తొచ్చేవి.

ఆయన తల గాయం మానింది. ఎడమ చెవి వినికిడి మాత్రం పోయింది. డాక్టరుగారు ఇంక రాదని చెప్పేశారు.

ఇంటికి వచ్చాక ఆయన కుర్చీని గోడకు ఆనించి కూర్చునేవారు. అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి ఎడమవైపు తిరిగి చూసేవారు. తలుపులన్నీ గడియలు పడ్డాయి. ఎవరైనా పిలిస్తే ముందు కిటికీలోంచి చూడటం, తరవాత నన్ను చూడమనడం. చుట్టాలు తెనాలి వచ్చెయ్యమన్నారు. చెరువులు వదిలి తెనాలిలో ఏం చేస్తాం? నిద్ర లేక ఆయన కళ్ళ కింద నల్లగా అయిపోయింది. ఒకరోజు తుపాకీ లైసెన్సుకి అర్జీ పెడతానన్నారు.

నేను ఒప్పుకోలేదు. వాళ్ళొచ్చిన సాయంత్రం తుపాకీ ఉన్నా తీసే టైమ్ ఉండేదా అని అడిగాను. వాళ్ళ చేతిలో పడితే ఏమయ్యేదో ఆలోచించమన్నాను. ఆయన వాదించలేదు.

“అప్పుడు పనికొచ్చేది కాదు, నాకూ తెలుసు. నాకిప్పుడు పడుకోడానికి కావాలి. ఎడమ పక్క ఎవరొచ్చినా నాకు తెలీట్లేదే.”

మర్నాడు ఆయనతో పాటు నేనూ బస్సెక్కాను.

అర్జీ అంటే ఒక కాగితం కాదు. మా రేపల్లె కొత్త జిల్లాలో కలిశాక అన్నిటికీ బాపట్ల వెళ్ళాలి. చెరుకుపల్లి మీదుగా బస్సులో ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. పోలీసు విచారణ, తాసిల్దారు విచారణ, డాక్టరు సర్టిఫికెట్టు. విచారణకు ఇంటికి వచ్చిన అధికారి ఆయన్ని బయటికి పంపించి నన్ను విడిగా అడిగారు.

“ఇంట్లో తుపాకీ ఉండటం మీకేమన్నా అభ్యంతరమా అమ్మా? మొహమాటపడకుండా చెప్పండి.”

కిటికీలోంచి వరండా కనబడుతోంది. మా ఆయన మా వైపు వీపు పెట్టి నిలబడ్డారు, కానీ తల ఒక పక్కకి తిరిగి ఉంది. నా జవాబు వినడానికి కుడి చెవి ఇటు పెట్టారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి దొంగచాటుగా ఏదీ వినలేదు.

లేదండి అన్నాను.

ఏడాది దాటాక లైసెన్సు వచ్చింది. అంతకు ముందు పోలీసు మైదానంలో తుపాకీ వాడటం నేర్పించారు. భుజం కమిలిపోయి ఇంటికొచ్చి, నా చేత వేడినీళ్ళ కాపడం పెట్టించుకుంటూ ఆయన నవ్వారు. చాలా కాలానికి నవ్వారు.

తుపాకీ వచ్చిందని తెలిసి అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. కాసేపు మామూలుగా మాట్లాడి, నాన్నకి ఇమ్మంది. స్పీకరు పెట్టి ఇచ్చాను.

“నేను చెప్పకుండా వచ్చి తలుపు కొడితే నన్ను కాల్చేస్తావా నాన్నా?”

వేళాకోళంగానే అడిగింది. ఆయన మాత్రం ఫోన్ నాకిచ్చేసి గట్టు మీదికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక నేనొక మాట చెప్పాను. తుపాకీ బీరువాలోనే ఉండనివ్వండి, తూటాలు వంటింట్లో ఇనప డబ్బాలో పెట్టి తాళం వేద్దాం, ఆ తాళంచెవి నా దగ్గర ఉంటుంది. ఆయన వెంటనే సరేనన్నారు. ఆ మాట నేనే అనాలని ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. గొలుసు పోయినప్పటి నుంచి నా మెడలో పసుపుతాడే. దానికే ఒక పిన్నీసు పెట్టి తాళంచెవి తగిలించుకున్నాను.

తరవాత రెండు నెలలకు, మంచి ఎండలో, మధ్యాహ్నం మూడింటప్పుడు మోటారు షెడ్డు పక్కన ఎవరో నిలబడి ఉండటం ఆయన చూశారు. కొంగు తలమీద కప్పుకున్న మనిషి. పిలవదు, కదలదు. ఆయన బీరువా తీసి తుపాకీ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

“తాళంచెవి ఇవ్వు.”

నేను కిటికీలోంచి చూసి, ఆడమనిషండీ అన్నాను.

“ఆడమనిషే. వెనకాల ఎవరున్నారో తెలీదుగా. ఇవ్వు.”

నా చెయ్యి పసుపుతాడు మీదికి వెళ్ళింది. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. గడియ తీసి ఎండలోకి నడిచాను. నా వెనక కిటికీ దగ్గర ఉత్త తుపాకీతో ఆయన నిలబడి ఉన్నారని తెలుసు. ఆ యాభై అడుగులూ నాకు ఆమె మీద భయం వెయ్యలేదు. ఇంట్లో ఉన్న మనిషి గుండె ఏమవుతుందోనని భయమేసింది.

దగ్గరికి వెళ్ళాక ఆమె ఎవరో చెప్పకుండానే తెలిసింది. అదే ముక్కు, అవే కళ్ళు. మెకానిక్ తల్లి. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చి, పిలవడానికి మొహం చెల్లక అక్కడ నిలబడిపోయింది. వరండాలోకి తీసుకొచ్చి మంచినీళ్ళిచ్చాను. ఆయన గుమ్మంలోకి వచ్చారు, చేతిలో తుపాకీ అలాగే ఉంది. ఆమె దాన్ని చూసింది కానీ బెదరలేదు.

“మావాడి వల్లేగా బాబూ ఇంట్లోకి అది తెచ్చుకోవాల్సొచ్చింది,” అంది.

తరవాత అడగాలనుకున్నది అడిగింది. కొడుకు ఇంకా జైల్లోనే ఉన్నాడు. జామీనుకి ఎవరూ ముందుకు రాలేదు. ములాకత్‌కి వెళ్తే తలొంచుకుని కూర్చుంటాడు తప్ప ఏమీ చెప్పడు. ఆమె మా ఆయనకు ఎడమవైపు కూర్చుని ఉంది. తగ్గు గొంతుతో అడిగిన ఆ ప్రశ్న ఆయనకు వినబడలేదు. ఏంటమ్మా అన్నారు. అంత దూరం నడిచొచ్చి కూడదీసుకుని అడిగిన మాటను ఆమె రెండోసారి అడగాల్సి వచ్చింది.

“మిమ్మల్ని కొట్టింది మావాడేనా బాబూ?”

ఆయన తుపాకీని గోడకు ఆనించారు. ఇటువైపు వచ్చి, కుడి చెవి ఆమె వైపు ఉండేలా నేల మీదే కూర్చున్నారు.

“కాదమ్మా. వాడు నన్ను ముట్టుకోలేదు. ఈవిడ చేతులు కట్టాడంతే.”

బిగుసుకుందా అని నన్నడిగాడని నేను చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట వల్లే దొరికాడా అని అడిగింది. అవునన్నాను. నన్ను తిట్టినా పడదామనుకున్నాను.

“మంచిదే. ఆ మాత్రం మనిషి లోపల మిగిలున్నాడు,” అంది.

ఇంకేమీ అడగలేదు. కేసు తీసెయ్యమని అనలేదు. మా ఆయన మోటార్ సైకిల్ బయటికి తీసి ఆమెను బస్సు స్టాపు దాకా దింపడానికి వెళ్ళారు. ఆ దెబ్బ తగిలాక ఆయన నన్ను ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళడం అదే మొదటిసారి. వెళ్ళేటప్పుడు తుపాకీ గోడకే మర్చిపోయారు. నేనే తీసి బీరువాలో పెట్టాను. దాన్ని ముట్టుకోవడం నాకూ అదే మొదలు. అంత బరువుంటుందనుకోలేదు.

తెనాలి కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. అతను కట్టాడనీ చెప్పాను, వదులుగా కట్టాడనీ, ఏమని అడిగాడనీ చెప్పాను. బోనులో అతను తలెత్తలేదు. నలుగురికీ శిక్ష పడింది. అతనికి మిగతావాళ్ళకన్నా తక్కువ పడింది. నా సాక్ష్యం వల్లేనని వకీలుగారు అన్నారు. అయ్యుండొచ్చు.

ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించమన్నారు. బీరువా ఖాళీగా ఉన్న ఆ వారాలు ఎలా గడుస్తాయో అనుకున్నాను. మొదటి వారం కష్టపడ్డారు. రెండో వారం నుంచి బాగానే పడుకున్నారు. ఇంక అక్కర్లేదేమో, అక్కడే ఇచ్చేద్దామా అన్నాను. ఆయన ఆలోచించి వద్దన్నారు. ఓట్ల లెక్కింపు ముగిసిన రెండో రోజే వెళ్ళి తెచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు. పోయిన ఆ చెవి నాది కాదు.

ఇప్పుడు పగటిపూట మా వాకిలి మళ్ళీ తెరిచే ఉంటోంది. తుపాకీ ఇంట్లోనే ఉంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా పేలలేదు. నెలకోసారి ఆయన దాన్ని నూనెగుడ్డతో తుడుస్తారు. భట్టిప్రోలు నుంచీ, నిజాంపట్నం వైపు నుంచీ చెరువుల వాళ్ళు వచ్చి లైసెన్సుకి ఎలా పెట్టాలో చెప్పమంటారు. ఆయన కుర్చీ వేసి, ముందు మీకేం జరిగిందో చెప్పండి అంటారు. కొందరు చెప్పడం మొదలుపెట్టి రెండు గంటలు మాట్లాడతారు. మోటార్లు పోయిన సంగతి, బెదిరింపులు, అన్నదమ్ముల గొడవలు, ఇంట్లో ఆడవాళ్ళు భయపడుతున్నారని చెప్పడం, ఆ తరవాత తామే భయపడుతున్నామని ఒప్పుకోవడం. చాలామంది అర్జీ సంగతి ఎత్తకుండానే కాఫీ తాగి వెళ్ళిపోతారు. కొందరు బాపట్ల వెళ్ళి అర్జీ పెట్టుకుంటారు. ఆయన ఎవరినీ తప్పుపట్టరు. నేనూ పట్టను.