భుజం మీద చెయ్యి

మా ఆయన పోయిన మూడు వారాలకే నా కూతురు రీల్స్ మొదలుపెట్టింది. ఆ వారం ఏ పాట నడుస్తుంటే ఆ పాటకు, మూసాపేటలోని మా ఇంటి బాల్కనీలో, ఆరేసిన బట్టలు ఒక పక్కకు జరిపి మరీ గంతులు. మాదాపూర్‌లో ఆఫీసుకు పోయినా క్యాంటీన్‌లో అదే పని. నా నోరు ఊరుకునేది కాదు. "తండ్రి పోయిన ఇల్లా ఇది, పెళ్లివారి ఇల్లా?" అని అడిగేదాన్ని. అది చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేది.

ఒక ఆదివారం పొద్దున పక్కింటావిడ వచ్చి తన ఫోన్ చూపించింది. "మీ బిడ్డ ఎంత మంచి ఫొటో పెట్టిందో చూసినవా వదినా?"

చనిపోయినవాళ్లు మనల్ని దగ్గరకు తీసుకున్నట్టు ఏఐతో ఫొటో చేయించుకోవడం అప్పటి ట్రెండ్. నా కూతురి భుజం మీద చెయ్యి వేసి మా ఆయన నవ్వుతున్నాడు. కింద వరసగా నిప్పు బొమ్మలు, గుండె బొమ్మలు.

ఆవిడ అటు వెళ్లగానే, వంటింట్లో దోసె పోస్తున్న పిల్ల మీదికి లేచాను.

"చావు గూడ ట్రెండేనా నీకు?"

"అరే, ఏమైందమ్మా పొద్దుగాల్నే?"

"గాయన మీ డాడీయేనా? ఆ చేతికి వేళ్లన్నీ ఉన్నయ్!"

ఆయన బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. మా పెళ్లయిన రెండో ఏడు చూపుడు వేలు సగం ఆ మిషన్‌లోనే పోయింది.

"నాకు తెల్వదా?" అంది అది, స్టవ్ కట్టేసి. "వారం సంది ఆ ఏఐకి అదే చెప్తున్న. సగం వేలు తియ్యమంటే ఒకసారి రెండు వేళ్లు తీసేస్తది, ఒకసారి ఆరు పెడ్తది."

"దానితోని ఎందుకే ఆ ముచ్చట్లు? నేను లేనా?"

"నువ్వా? పదకొండో రోజు ఏమన్నవ్? ఆయన మాట ఎత్తితే నేను బతకనన్నవ్. ఆఫీసుల నన్ను చూస్తే అందరు సైలెంట్ అయితరు. ఆ రీల్స్‌ల ఒక్కలు గూడ అయ్యో అనరు. జరసేపన్న నాకు డాడీ చచ్చిపోలేదు."

ఫోన్ లాక్కుని, అది ఏఐకి రాసిన మాటలు చదివాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మా డాడీ చెయ్యి గ్రీజు వాసన వస్తది. గోళ్ల కింద నలుపు ఎంత కడిగినా పోదు. చిన్నప్పుడు నన్ను బండి ముందు కూర్చోబెట్టుకుని, సగం వేలితో ట్యాంకు మీద దరువు వేసేటోడు. ఫొటోలోకి వాసన రాదని నా పిల్లకు తెలియదా? నేను ఇంట్లో ఎత్తనివ్వని మాటలన్నీ అక్కడ ఉన్నాయి. చివర, కుడి చెయ్యి, చూపుడు వేలు అని ఉంది.

అక్కడైనా నేను ఊరుకోవలసింది.

"కుడి కాదే. ఎడమ."

"కుడే. నాకు గుర్తుంది."

"ఇన్నేండ్లు అన్నం పెట్టిన, నాకు తెల్వదా?"

అది నా చేతిలోంచి ఫోన్ తీసుకుని పాత ఫొటోలన్నీ తిరగేసింది. ప్రతి ఫొటోలోనూ ఆయన ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో దాచుకున్నాడు. కుడి చేతికి అయిదు వేళ్లూ నిండుగా ఉన్నాయి.

"డాడీ పోయి ఎనిమిది నెలలే గదమ్మా," అంది. "అప్పుడే మర్చిపోయిన్నా?"

కాదు బిడ్డా, ఆయన మాట ఎత్తనియ్యని నాదే తప్పేమో అందామనుకున్నాను. అంతలోనే అది ఫోన్ గట్టు మీద పెట్టి, ముందు కుడి భుజం, తర్వాత ఎడమ భుజం, మళ్లీ కుడి భుజం, ఆ సగం వేలు ఆనిన వైపు ఏదో వెతుక్కుంటున్నట్టు తడుముకుంటోంది.