నిన్నటి అంకె

పరిశోధన విభాగంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. జగమొండి అంటే చాలు, గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా మూడో అంతస్తు, చివరి గది అని చెయ్యి చూపిస్తాడు. ఆ పేరు మొదటి ఏడాదిలోనే వచ్చింది. క్లాసులో ఒక పెద్దాయన బోర్డు మీద సగం రుజువు రాసి, "మిగతాది స్పష్టమే" అని చాక్‌పీసు కింద పెట్టాడు. వెనక బెంచీలోంచి ఈమె లేచి, "నాకు స్పష్టం కాలేదు సార్" అంది. ఆయన మళ్లీ చెప్పాడు. ఈమె మళ్లీ అదే మాట అంది. నలభై నిమిషాలు గడిచాక ఆయనే తల గోక్కుంటూ, "రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. నాన్న కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్. ఆరేళ్లు బడిలో లెక్కలు చెప్పింది. పిల్లల ప్రశ్నలకు తన దగ్గరి జవాబులు అయిపోయాయని ఉద్యోగం మానేసి ఈ పరిశోధనలో దూకింది. నర్సుగా పనిచేసే అక్క ఇంట్లో ముందు గది ఈమెది. అక్క నోటికి అడ్డూ అదుపూ లేదు.

"నువ్వు ఈ చదువులో చేరాక మన పిల్లి నాలుగు ఈతలు ఈనిందే. నువ్వేం కన్నావ్?"

"సిద్ధాంతం కంటున్నా."

"ఐదేళ్ల నెప్పులంటే బిడ్డ అడ్డం తిరిగిందన్నమాట. ఆపరేషన్ చేయించుకో, పీడా పోతుంది."

ఆ సిద్ధాంతం బస్సుల గురించి. ఒక డిపోకు పొద్దుటి పూట వచ్చే ప్రతి బస్సూ ఏ రోజు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో చెప్పే తొమ్మిదేళ్ల షీట్లు ఉన్నాయి. వాటిలో ఈమె, ఈమె గైడు కలిసి ఒక వింత కనిపెట్టారు. బస్సు ఆలస్యానికి జ్ఞాపకం ఉంది. నిన్న పదిహేడు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన బండి ఇవాళ కూడా ఆ దరిదాపుల్లోనే వస్తుంది. ఆ జ్ఞాపకం ఎంత గట్టిదో ఒక్క అంకెలో చెప్పొచ్చు. సున్నా వస్తే బండికి నిన్నటి సంగతి గుర్తే లేనట్టు, ఒకటి వస్తే అచ్చం నిన్నటిలాగే నడుస్తున్నట్టు. వీళ్లకు సున్నా పాయింట్ మూడు నాలుగు వచ్చింది. రోడ్డు మీద గుంతలు, సిగ్నళ్లు, గేదెలు, వాన, ఇన్ని ఉండగా అంత జ్ఞాపకం మిగిలిందంటే మాటలు కాదు. ఇద్దరి పేర్లతో పేపరు పెద్ద పత్రికలో అచ్చయింది. గైడును నాలుగు దేశాల వాళ్లు పిలిచి మాట్లాడించారు. ఈమె థీసిస్ మొత్తం ఆ ఒక్క అంకె నెత్తిన కూర్చుంది.

ఇంతా చేసి ఇద్దరిలో ఎవరూ ఆ డిపో మొహం చూడలేదు. విభాగంలో పద్ధతే అది. షీట్లు కట్టలుగా వస్తాయి. కొత్తగా చేరినవాళ్లు వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తారు, పెద్దవాళ్లు సూత్రాలు రాస్తారు. బస్సెక్కకుండానే బస్సుల మీద డాక్టరేట్లు. ఆ కట్టలన్నీ ఎక్కించింది మొదటి ఏడాదిలో ఈమే. ఏడు నెలలు పట్టింది, కళ్లద్దాల నంబరు రెండుసార్లు మారింది.

థీసిస్ ఇవ్వడానికి రెండు నెలలుండగా గైడు, "చివరి అధ్యాయానికి ఒక నెల కొత్త డేటా కలిపితే బలంగా ఉంటుంది" అన్నాడు. కట్టలు పంపే గుమాస్తా బదిలీ అయిపోయాడు. ఈమె సంచీ భుజాన వేసుకుని డిపోకు తానే పోయింది.

టైమ్ కీపర్ గది గేటు పక్కనే ఉంది. రేకు బల్ల, కాలు విరిగితే ఇటుక పెట్టిన కుర్చీ, కిటికీకి అవతల డీజిలు పొగ. టైమ్ కీపర్ ఆ నెలాఖరుకు రిటైరవుతున్న మనిషి. ఈమె ఎవరో, ఎందుకొచ్చిందో విని, "నా రాతల మీద డాక్టరు చదువా? అయితే నేను కాంపౌండర్నన్నమాట" అని నవ్వి, ఇటుక కుర్చీ తను తీసుకుని మంచి కుర్చీ ఈమెకు ఇచ్చాడు.

మూడో రోజు పొద్దున ఫోను మోగింది. ఎక్కడో టైరు పేలిందని డ్రైవరు అరుస్తున్నాడు. ఈయన అతనికి సర్దిచెప్పి, మెకానిక్కును పంపి, ఇద్దరు కండక్టర్ల పోట్లాట తీర్చి వచ్చేసరికి గేటులోంచి ఆరు బస్సులు వచ్చిపడ్డాయి. ఏది ఎప్పుడొచ్చిందో ఆ దేవుడికెరుక. ఆయన నింపాదిగా కూర్చుని, నిన్నటి షీటు పక్కన పెట్టుకుని, ఆ ఆరింటికీ నిన్నటి అంకెలే దించేశాడు. ఒక్కో అంకె పక్కన పెన్ను మొనతో చిన్న చుక్క పెట్టాడు.

ఆమె ఆ షీటు మీదికి వంగి చూసింది.

"అదేంటి బాబాయ్ గారూ, నిన్నటివి రాస్తున్నారు?"

"ఖాళీ వదిలితే షీటు వెనక్కి తిప్పి పంపుతారమ్మా, మెమో కూడా ఇస్తారు. సున్నా వేస్తే పచ్చి అబద్ధం. నిన్నటిదంటావా, కనీసం నిన్నైనా నిజమే కదా."

"మరి చుక్క?"

"నా మనస్సాక్షికి. ఇది నేను చూసింది కాదు అని గుర్తు. పైవాళ్లు ఎవరైనా అడుగుతారేమోనని పద్నాలుగేళ్ల నుంచి పెడుతున్నా. ఒక్కడూ అడగలేదు. నువ్వే మొదలు."

చుక్కలు ఆమెకు కొత్తేం కాదు. మొదటి ఏడాదిలో వేలకు వేలు చూసింది. పెన్ను కక్కిన మరకలనుకుంది. ఈగలు వాలాయనుకుంది. అంకె ఎక్కించింది, చుక్క వదిలేసింది.

విభాగం మెట్ల కింద గదిలో పాత కట్టలు బూజుపట్టి ఉన్నాయి. వాటిని దించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ చుక్కలు లెక్కపెట్టడానికి ఆమెకు పంతొమ్మిది రోజులు పట్టింది. నూటికి ముప్పై నాలుగు. పేపర్లో వాళ్లు వేసుకున్న జ్ఞాపకం సున్నా పాయింట్ మూడు నాలుగు. వేరే రుజువు అక్కర్లేదు. నూటికి ఎన్ని అంకెలు నిన్నటివి దించితే జ్ఞాపకం అంతే వస్తుంది, రెండు వరుసల లెక్క అది. చుక్క ఉన్నవి తీసేసి మళ్లీ చేసింది. సున్నా పాయింట్ సున్నా ఒకటి వచ్చింది. బస్సులకు జ్ఞాపకం లేదు, ఏమీ లేదు. పాపం అవి ఏ రోజుకారోజు రోడ్డు ఎలా ఉంటే అలా వచ్చాయి.

పక్క టేబుల్ దగ్గర పనిచేసే సహాధ్యాయి అదంతా విని తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా. ఈ సంగతి నాతో అనలేదనుకో, నేను విననే లేదు. సబ్మిట్ చెయ్, డిగ్రీ పట్టుకో, ఆ తర్వాత తీరిగ్గా సత్యహరిశ్చంద్రుడివి అవుదువుగాని."

"డిగ్రీ వచ్చాక చెప్తే డిగ్రీ కోసం దాచానంటారు."

"ఇప్పుడు చెప్తే డిగ్రీనే రాదు. కొరివితో తల గోక్కోవడం ఎందుకు?"

గైడుతో మాట సోమవారం పదింటికి జరిగింది. వాళ్లిద్దరూ ఐదేళ్లుగా కలిసే సమయం అదే. ఆయన చెడ్డవాడు కాదు. ఈమె జ్వరంతో పడుకుంటే మందులు పట్టుకుని అక్క ఇంటికి వచ్చిన మనిషి. ఈమె పెట్టిన కాగితాలు మూడుసార్లు చదివాడు. తర్వాత వాటిని ఆమె వైపు తోశాడు.

"ఎంటర్ చేసింది నువ్వేగా?" అన్నాడు.

"నేనే సార్."

"చుక్కలు వదిలేసింది నువ్వు. నేను కాదు."

"అవును సార్. అందుకే నేనే చెప్తానంటున్నా."

"చెప్పొద్దనడం లేదు. ఇకముందు పరిశీలించవలసిన విషయాలు అని చివర ఒక పేరా ఉంటుంది చూడు, అందులో పెట్టు. డేటా నాణ్యత మీద ఇంకా పని జరగాలి అని. ఎవరికీ నష్టం లేదు."

"ఇల్లు కాలిపోయిందని చెప్పడానికి, వంటింట్లో కాస్త పొగ వస్తోందని రాయమంటారా?"

ఆయన మొహం ఎర్రబడింది. "పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనడమే నీకు తెలుసు."

"నాలుగో కాలు కోసం పంతొమ్మిది రోజులు వెతికాను సార్. లేదు."

థీసిస్ ఇచ్చే ముందు విభాగం ఎదుట ఒక సెమినార్ ఇవ్వాలి. అక్కడ తెరలూ బొమ్మలూ ఉండవు. బోర్డు, చాక్‌పీసు, అంతే. ఆ రోజు గది నిండిపోయింది. కమిటీలో ముగ్గురు ముందు వరుసలో కూర్చున్నారు, గైడు వాళ్ల పక్కన. వెనక, తలుపు దగ్గర, ఇస్త్రీ చొక్కాతో టైమ్ కీపర్ కూర్చున్నాడు. వారం కిందటే రిటైరయ్యాడు. సెమినార్‌కు రెండు రోజుల ముందు ఈమె ఆయన దగ్గరికి పోయి, చుక్కల సంగతి బయటపెడితే ఆయనకేమైనా ఇబ్బందా అని అడిగితే, "రిటైరైనవాడికి మెమో ఏ అడ్రసుకిస్తారమ్మా? రాసుకో, నేనొచ్చి కూర్చుంటా" అన్నాడు.

ఆమె బోర్డుకు ఎడమ చివర పేపర్లో వచ్చిన అంకె రాసింది. కుడి చివర చుక్కల లెక్క రాసింది. మధ్యలో ఆ రెండు వరుసల లెక్క చేసింది. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. తిరిగి, "నా థీసిస్‌లో నాలుగు అధ్యాయాలు తప్పు. తప్పు నాది. షీట్లు ఎక్కించింది నేనే" అంది.

గది గుసగుసల్లో పడింది. కమిటీ పెద్ద కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "అంటే ఎవరో ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల..." అని మొదలుపెట్టాడు.

"నిర్లక్ష్యం ఆయనది కాదు సార్." ఆమె గొంతు గది చివరిదాకా వెళ్లింది. "ఆయన చూడని ప్రతిచోటా చూడలేదని గుర్తు పెట్టారు. తొమ్మిదేళ్లు, ఒక్కటి కూడా తప్పకుండా. ఇంత మంచి డేటా నేను ఎక్కడా చూడలేదు. నిర్లక్ష్యం నాది. ఆ షీట్లు ఒక్కసారైనా తీసి చూడకుండా సూత్రాలు రాసిన వాళ్లందరిదీ."

ముందు వరుసలో ఎవరో దగ్గారు. వెనక టైమ్ కీపర్ మాత్రం తల వంచుకోలేదు.

కమిటీ పక్కగదిలో అరగంట మాట్లాడుకుని వచ్చింది. ఈ థీసిస్ చెల్లదు. రెండేళ్ల గడువు ఇస్తాం, మొదటినుంచి చెయ్యాలి. అది చెప్పి కమిటీ పెద్ద గైడు వైపు చూడకుండా, "ఈ పరిస్థితుల్లో గైడును మార్చుకుంటానంటే మాకు అభ్యంతరం లేదమ్మా" అన్నాడు. అందరికీ అదే మర్యాదైన దారి అనిపించింది. గైడు కూడా నేల చూస్తూ తలాడించాడు.

"మార్చుకోను" అంది ఆమె.

"ఆలోచించుకో..."

"ఆలోచించేదేం లేదు సార్. ఈయన దగ్గర చెడగొట్టాను, ఈయన దగ్గరే బాగుచేస్తాను. నేను ఈయనకు వద్దనిపిస్తే ఆ మాట ఈయన్నే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. కారణం కూడా రాయాలి."

కాగితం ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

ఆ వార్త ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. "రెండేళ్లా!" అంది అక్క. "అయితే నా గది ఇప్పట్లో ఖాళీ అవదు." కంచం ముందు పెట్టి అన్నం వడ్డించింది. తర్వాత, "ఆ ముందు వరుస వాళ్ల మొహాలు ఎలా ఉన్నాయే? మొదటినుంచీ చెప్పు" అంది.

సోమవారం పదింటికి ఆమె గైడు గది తలుపు తోసింది. ఆయన తలెత్తలేదు. "నిన్ను రమ్మనలేదు" అన్నాడు.

"సోమవారం సార్. పది."

ఆమె బోర్డు దగ్గరికి పోయి, ఉన్నదంతా చెరిపి, పత్రికకు పంపాల్సిన ఉత్తరం మొదటి వాక్యం పెద్ద అక్షరాలతో రాసింది: మేమిద్దరం అచ్చువేసిన ఫలితం తప్పు.

ఆయన చదివాడు. పెన్ను పక్కన పెట్టాడు. "అది తుడిచెయ్."

"మీరే తుడవండి సార్. డస్టర్ అదిగో."

ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. డస్టర్ ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. పదీ పది అయింది, పదింపావు అయింది. ఆయన దాని మీద చెయ్యి వెయ్యలేదు.

"రెండో వాక్యం చెప్పండి, రాసుకుంటాను" అంది ఆమె.