కండ్లు తెరిచిన ఫోటో

మా అవ్వకు కళ్ళు తెరిచి ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. పెళ్ళిళ్ళలో, నామకరణాల్లో అందరి మధ్యా నిలబడి ఉంటుంది, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని. ఫ్లాష్ వెలుగుతుందని తెలిస్తే చాలు, ముందే మూసేసేది. కంటి ఆపరేషన్ అయ్యాక ఎండ కూడా గిట్టలేదు. గుమ్మం దాటితే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"దండేసుకోని గోడకు ఎక్కేది ఎట్లా తప్పదు గదప్పా," అంది ఒకరోజు నాతో. "ఆడ కూడా కండ్లు మూసుకోనే ఉండల్నా? ఇంట్లో ఫోటోలు తీసేవాడు ఉండి ఏం లాభం?"

ఆ ఫోటోలు తీసేవాణ్ణి నేనే. ఉద్యోగం వేరే, కెమెరా నా పిచ్చి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త, ఇంకా రీళ్ళ కాలమే. అవ్వ ఆ మాట అన్నాక నాకు కుదురు లేకుండా పోయింది.

నగరం అంచున హూడిలోని మా పాత ఇంట్లో అవ్వ పగలంతా కూర్చునేది వంటింటి కిటికీ పక్క మూలలో. అక్కడ తప్ప ఇంకెక్కడా కళ్ళు హాయిగా తెరవదు. ఆ వంటింట్లో నా వీపు గోడకు ఆనించినా, అవ్వ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటుంది. నా దగ్గరున్న మామూలు లెన్సుతో మొహం ఒక్కటే పడుతుంది. అది ఆమెకు నచ్చదు.

"మొగమొక్కటే తీస్తే ఓటరు కార్డు మాదిరి ఉంటాది. నా చీర, నా సామాన్ల గూడు, అంతా రావల్ల."

పైగా అవ్వ తల ఎప్పుడూ సన్నగా ఊగుతుంది కాబట్టి షట్టరు తీరిగ్గా తెరిచి మూస్తే కుదరదు. అంటే నాకు వైడ్ లెన్సు కావాలి, అదీ చీకట్లో వెలుతురును బాగా లాగేది.

అవెన్యూ రోడ్డు వెనక సందులో పాత కెమెరాలమ్మే దుకాణంలో రెండు దొరికాయి. రెండూ చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసుకునేవే. ఒకటి ఇరవై నాలుగు ఎం.ఎం. మూలంతా పట్టేస్తుంది గానీ రెండుకు మించి తెరుచుకోదు; ఈ లెక్కలో అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. ఇంకోటి ముప్పై ఐదు. వెడల్పు తక్కువే, అయితే ఒకటి పాయింట్ నాలుగు దాకా తెరుచుకుంటుంది, రెట్టింపు వెలుతురు. రెండూ కొనే స్తోమత లేదు. వెళ్ళేవాణ్ణి, కెమెరాకు ఒకటి బిగించి చూసేవాణ్ణి, విప్పేవాణ్ణి, ఇంకోటి బిగించేవాణ్ణి, రేపొస్తానని లేచి వచ్చేసేవాణ్ణి. బస్సు ఎక్కగానే, వద్దనుకున్నదే మంచిదనిపించేది.

దుకాణం ఆయనకు ఓపిక అయిపోయింది. "పెండ్లికూతుర్ని చూసేకి కూడా ఇన్ని తూర్లు పోరు స్వామీ. ఏదో ఒకటి డిసైడ్ మాడి, తేల్చుకోండి!"

ఈలోగా మా పక్క స్థలంలో ఆఫీసు భవనం లేవడం మొదలైంది. కట్టేవాళ్ళు అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు. మధ్యాహ్నం మంచినీళ్ళకు వచ్చి అవ్వతో కబుర్లు చెప్పిపోయేవారు. వాళ్ళంటే అవ్వకు ప్రాణం. నాకు మాత్రం వాళ్ళ చేతిలో తాపీ చూస్తే ఒళ్ళు మండేది. వాళ్ళు ఒక్కో వరుస ఇటుక పేర్చేకొద్దీ మా కిటికీలో వెలుతురు తగ్గిపోతోంది. లైట్ మీటరు పట్టుకుని ఆ మూలకు వెళ్ళేవాణ్ణి, ముల్లు ఇంకాస్త పడిపోయిందని చూసి బయటికొచ్చేవాణ్ణి, నమ్మలేక మళ్ళీ వెళ్ళేవాణ్ణి.

"ఏంటికప్పా కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు? రోంతసేపు కూచో," అనేది అవ్వ.

రెండో అంతస్తు గోడ లేచేసరికి ఇరవై నాలుగు లెన్సు ఇక పనికిరాదని తేలిపోయింది. పరుగున వెళ్ళి ముప్పై ఐదు తెచ్చాను.

లెన్సు పూర్తిగా తెరిచాను. అయినా వ్యూఫైండరులో అంతా మసక చీకటే. ఫోకస్ పట్టుకోవాలంటే ఏదో ఒకటి తళుక్కుమనాలి. తళుక్కుమన్నది అవ్వ ముక్కుపుడక ఒక్కటే. దాన్ని పట్టుకుని రింగు తిప్పాను. రాళ్ళు విడివిడిగా కనిపించగానే నొక్కాను. రీలు అయ్యేదాకా అలాగే నొక్కాను. అవ్వ కళ్ళు తెరిచే ఉంది.

ప్రింట్లు చేతికి రాగానే స్టూడియో మెట్ల మీదే నిలబడి చూశాను. ముక్కుపుడకలో ప్రతి రాయీ మెరుస్తోంది. వెనక కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ అలుక్కుపోయినట్టున్నాయి. అంతగా తెరిచిన లెన్సుకు ముక్కుకూ కంటికీ మధ్య దూరం కూడా ఎక్కువే, ఒకటి స్పష్టంగా పడితే రెండోది మసకే. నాకు తెలిసిన సంగతే, ఆ కంగారులో తట్టలేదు. మళ్ళీ తీద్దామని ఇంటికి వస్తే కిటికీకి ఎదురుగా గోడ మూడో అంతస్తు దాకా లేచి ఉంది. మీటరు ముల్లు కదల్లేదు. ఏడుపొచ్చింది.

అవ్వ ప్రింటును ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని చూసింది.

"కండ్లు తెరుచుకోనుండాయి గదా?"

"తెరుచుకోనే ఉండాయి అవ్వా. అయితే మసకగా పడిండాయి."

"మసకంటే?"

"ఉండాయని తెలుస్తాది గానీ, సరిగ్గా కనపడవు."

"అంతేనా! నీ మొగం నాకు అట్లనే కనపడతాది," అంది అవ్వ. "శానా ఏండ్లాయ. గొంతు విని నువ్వేనని గుర్తుపడతాండా."

ఫోటో సంగతే మరిచిపోయాను. ఆపరేషన్ తర్వాత ఆమెకు అంతా బాగా కనిపిస్తోందనే ఇంట్లో అందరం అనుకున్నాం. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నేను కూర్చున్న స్టూలు ఆమె ముందుకు లాక్కున్నాను.

"ఇప్పుడు?"

"ఊహూఁ."

ఇంకాస్త జరిగాను.

"ఇంకా రా."

మోకాళ్ళు తగిలాయి. వంగి మొహం దగ్గరగా పెట్టాను. అవ్వ నా గడ్డం పట్టుకుని కొంచెం ముందుకు లాగింది, కొంచెం వెనక్కి నెట్టింది, మళ్ళీ రవ్వంత ముందుకు లాగింది.

"ఆఁ, ఉండు. కదలద్దు," అంది. "ఇప్పుడుండావు."