సంతకం పెట్టని సర్పంచ్

నారాయణఖేడ్ అవతల ఒక చిన్న ఊరికి రోజ సర్పంచై మూడు నెలలయింది. పంచాయతీ నడిపేది మాత్రం ఉపసర్పంచ్ జగన్నాథ్. అతను కాగితం తెస్తాడు, ఆమె చదవకుండానే సంతకం పెడుతుంది.

ఒకనాడు కూతురు శాంతి పరీక్షకు పైకి చదువుతోంది. "బ్రిటన్‌లో చట్టం మీద ఆమోదముద్ర రాజుది. పాలన మాత్రం పార్లమెంటులో ఎక్కువమంది మద్దతున్న ప్రధానిది."

"రాజు వద్దంటే?" అంది రోజ.

"అనడమ్మా. ఆయనను ఎవ్వరు ఎన్నుకోలే గద."

రోజ చేతిలో చాట ఆగిపోయింది. "మరి నన్ను ఎన్నుకున్నరు గదనే!"

మర్నాడు సమావేశంలో జగన్నాథ్ ఇంకో కాగితం జరిపాడు. కొత్త బోరు తన గల్లీలోనే వేయాలని తీర్మానం. రోజ వాళ్ల వాడలోనేమో ఆడవాళ్లు పొలం బావి నుంచి నీళ్లు మోస్తున్నారు.

"గిది చదివి వినిపిస్త. ఒప్పుకునేటోళ్లు చేతులెత్తుండ్రి," అంది రోజ.

"గీ కొత్త రివాజేంది? సంతకం పెట్టు," అని గద్దించాడు జగన్నాథ్.

"పెట్టనంటే పెట్ట. గీ కుర్చీల నన్ను కూసోబెట్టింది ఊరు, నువ్వు గాదు."

ప్రతి అక్షరం పైకి చదివింది. ఎనిమిది మంది సభ్యుల్లో రెండు చేతులే లేచాయి. జగన్నాథ్ విసురుగా వెళ్లిపోయాడు. రోజ తెల్లకాగితం తీసి, బోరు తమ వాడలో వేయాలని తానే రాసి, మళ్లీ చేతులెత్తమంది. ఆరు లేచాయి.