పదకొండు ఎక్కువ

ఈ రోజు పొద్దున మా వీధి చివర బోరుబండి మొదలైంది. బెళుగుప్పలో బోరుబండి మోగితే క్యాలెండర్లోని దేవుళ్లు కూడా చెవులు మూసుకుంటారు. తెల్లటి రాతిపిండి గాలిలో లేచొచ్చి నా కాఫీ మీద మీగడలా కట్టింది. తెలియక ఒక గుక్క తాగాను. ఆ పిండి నాలుక మీద గరగరలాడగానే రజియా మేడమ్ గుర్తొచ్చారు. మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు, రిటైరై ఇప్పుడు తనకల్లులో ఉంటున్నారు. ఆమెను చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: మనిషి ఐదడుగులు కూడా ఉండరు. కానీ వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే పదో తరగతి పిల్లలకు మొలిచిన మీసాలు మళ్లీ లోపలికి పోయేవి. నేను చెప్పేదాంట్లో సగం తీసేస్తే నిజం మిగులుతుందని మా ఆవిడ అంటుంది. తీసేస్తారని తెలిసే నేను రెండింతలు చెబుతాను.

నాది బోరు మోటార్లకు వైండింగ్ కట్టే అంగడి. మా అమ్మాయి హరిత ఐదో తరగతిలో ఉన్నప్పుడు బడి వదలగానే అక్కడికే వచ్చేది. మూడంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో గుణించమంటే, అడిగినవాడు నోరు మూసేలోపే జవాబు చెప్పేది. బడిలో మాత్రం అది కష్టమైపోయింది. అందరికీ ఇచ్చిన లెక్కలు రెండు నిమిషాల్లో ముగించి, మిగతా పీరియడంతా చేతులు కట్టుకుని కూర్చోవడమే దాని చదువు. నలభై మందిని ఒక్కతే చూసుకునే టీచరమ్మను తప్పుపట్టలేను. తప్పంతా నాది. బడిలో పని దొరకని పిల్లకు నేను అంగడిలో పని చూపించాను. "అడుగన్నా, ఎంత పెద్దదైనా అడుగు!" అని మోటారు రిపేరుకొచ్చిన ప్రతి రైతునూ కూర్చోబెట్టేవాణ్ణి. జవాబులు దానివి, డప్పు నాది. ఆ డప్పు ఉరవకొండ దాకా వినబడిందని నా నమ్మకం.

ఒకరోజు ఓబుళన్న వచ్చాడు. మాకు వరసకు అన్న, అప్పటికే చేన్లో మూడు బోర్లు వేసి మూడింట్లోనూ దుమ్మే చూసినవాడు. "ఏమప్పా, ఇంత లెక్క తెలిసిన పాప, నా బోరు ఎన్నడుగులకు పడతాదో చెప్పలేదా?" అన్నాడు. మా వైపు నీళ్ల కోసం అరచేతిలో టెంకాయ నిలబెట్టేవాణ్ణి అడుగుతాం, వేపపుల్ల పట్టుకుని తిరిగేవాణ్ణి అడుగుతాం. వాళ్లకంటే లెక్కలొచ్చిన పిల్లను అడగడం వెయ్యి రెట్లు శాస్త్రీయమని నాకు తోచింది. "చెప్పు తల్లీ!" అన్నాను. హరిత చుట్టుపక్కల నాలుగు బోర్ల లోతులు అడిగి తెలుసుకుని, కళ్లు మూసుకుని, "మూడొందల అరవై" అంది. బండి మూడొందల అరవై దాటింది, నాలుగొందలూ దాటింది. రాతిపిండి తప్ప తడి లేదు. వారం తర్వాత ఓబుళన్న అంగడికొచ్చి నవ్వాడు. "మూడు బోర్లు పెద్దోళ్ల మాట విని పాయ. ఇది చిన్నదాని మాట విని పాయ. పో!" నేనూ నవ్వాను. మూలన కూర్చున్న హరిత నవ్వలేదు. అప్పుడది నేను పట్టించుకోలేదు.

మరుసటి నెల దాని లెక్కలన్నీ తప్పులే. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా లేదు. మా ఆవిడ దిష్టి తీసి నిప్పుల్లో వేసిన మిరపకాయలకు వీధి వీధంతా తుమ్మింది. టీచరమ్మ "ట్యూషన్ పెట్టించండి" అంది. పిల్లను, నోటుబుక్కును తీసుకుని, ప్రైమరీ బడి పక్కనే ఉన్న హైస్కూలుకు పోయాను.

రజియా మేడమ్ నాలుగు పేజీలు తిప్పారు. వెనక్కి మళ్లీ నాలుగు తిప్పారు.

"తప్పులు చేసే పిల్ల కాదప్పా ఇది."

"అన్నీ తప్పే కదా మేడమ్?"

"అన్నీ పదకొండు ఎక్కువ. సరైన జవాబు కట్టి, దానికి పదకొండు కలిపి రాస్తాండాది. రానోళ్లు ఇంత పద్ధతిగా తప్పు చెయ్యరు." ఆమె హరిత గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తారు. "ఏమిటికి తల్లీ?"

 హరిత నేల చూస్తూ అంది: "సరిగ్గా చెప్తే మళ్లా బోరు ఎన్నడుగులకు పడతాదని అడుగుతారు. ఓబుళన్న పెదనాయనకు నీళ్లు పడలేదు. నా వల్లనే."

నేను కొట్టిన డప్పు దెబ్బలన్నీ పిల్ల మీదే పడ్డాయని నాకు అప్పుడే తెలిసింది. ఇందులో సగం తీసేయనక్కర్లేదు.

"భూమిలో నీళ్లు ఎవరి లెక్కకూ రావమ్మా. నాకూ రాదు ఆ లెక్క," అన్నారు మేడమ్. "అడిగినోళ్లది తప్పు. అడిగించినోళ్లది ఇంకా పెద్ద తప్పు. ఏమప్పా, చెప్పు పిల్లకు."

"తప్పు నాదే తల్లీ," అన్నాను.  హరిత ముక్కు తుడుచుకుని నా చేయి పట్టుకుంది.

నేను మనిషినైతే అక్కడితో ఊరుకోవాలి. "మేడమ్, అయితే దీన్ని నేరుగా ఎనిమిదిలో కూర్చోబెట్టండి!" అన్నాను.

"లెక్కల్లో ఎనిమిదో తరగతేనప్పా. జడ వేసేది ఇంకా మీ ఆవిడే కదా? దాని స్నేహితులు ఐదులో ఉండారు. లెక్కల పీరియడుకు మాత్రం నా దగ్గరికి రానీ."

ముగ్గురం హెడ్మాస్టరు గారి గదికి పోతే, ఆయన కళ్లజోడు తీసి తుడిచి, "అట్ల పంపొచ్చని రూలు యాడుండాదమ్మా?" అన్నారు.

"పంపకూడదని యాడుండాది సార్?" అన్నారు మేడమ్.

ఆయన మళ్లీ కళ్లజోడు తుడిచారు. ఆ తుడుపుకు అద్దాలు అరిగిపోయాయనే అనుకుంటాను. చివరికి రెండు బడులకూ మధ్య ఉన్న చిన్న గేటు తాళంచెవి మేడమ్ చేతికొచ్చింది. మరుసటి రోజు నుంచి హరిత ఐదో తరగతి పిల్లగా గేటు దాటి, ఎనిమిదో తరగతి లెక్కలు చేసి, మధ్యాహ్న భోజనానికి మళ్లీ తన జట్టులో చేరేది.

నాలుగో రోజు సాయంత్రం పరుగెత్తుకుంటూ అంగడికొచ్చింది. "నాయనా! నాకొక లెక్క రాలేదు!" జాతరలో రంకులరాట్నం ఎక్కివచ్చినట్టుంది ముఖం. నేను హడలిపోయి మేడమ్ ఇంటికి పరుగెత్తాను. ఆమె గుమ్మంలో బియ్యం ఏరుతున్నారు. "ఇన్నాళ్లకు దానికి రాని లెక్క దొరికింది. ఆనందపడప్పా," అన్నారు. "ఇంటికి పోయి, వచ్చిందా అని మాత్రం అడగొద్దు. యాడ ఆగినావని అడుగు. చాలు." ఆ సాయంత్రం ఇంటికి నడిచి వచ్చినవాణ్ణి నేను కాదు. తేలుతూ వచ్చాను. నెలరోజులుగా ఛాతీ మీద కూర్చున్న మోటారును ఎవరో దించి పక్కన పెట్టారు.

హరిత ఇప్పుడు పదో తరగతి. నా డప్పు పూర్తిగా ఆగిందని అబద్ధం చెప్పను. పిల్ల గురించి ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు దాన్నే అడుగుతాను, అది వద్దంటుంది, నేను మా మోటార్ల గొప్పలు చెప్పుకుంటాను. నిన్న అన్నం తిన్నాక ఏదో లెక్క ముందేసుకుని, కనుబొమలు ముడేసి కూర్చుంది. నా నాలుక దురద పుట్టి మెలికలు తిరిగింది. "యాడ ఆగినావు?" అన్నాను. తలెత్తకుండానే చాప మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. అందులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అది చెబుతూనే పోయింది, నేను వింటూనే ఉన్నాను.