నాయనమ్మ నెత్తిమీది గూబ

మా చిన్నప్పుడు... ఎండాకాలం పొద్దున నాయనమ్మ కొట్టం ముందు కూర్చుని మట్టిలో ఊక కలిపి పిసుకుతున్నదంటే, అది దేనికోసమో నాకు తెలుసు. కొట్టం గోడలో, దూలం కింద, చెయ్యి పట్టేంత తొర్ర ఉండేది. అందులో గుడ్లగూబల జంట పిల్లలు చేసింది.

"ఇంటి మీద గూబ కూసుంటెనే అరిష్టం... ఇది సంసారమే పెట్టింది. ఇయ్యాల బొక్క మూస్త."

తొర్రలోంచి పిల్లల బుస సన్నగా వినిపిస్తూనే ఉంది.

నా దగ్గర ఉన్న ఆయుధం ఒక్కటే... డబ్బా కెమెరా. హైదరాబాదులో నౌకరీ చేసే మేనమామ "రీలు అయిపోయేదాక నీ దగ్గరనే పెట్టుకో, నీ గూబల ఫొటోలు దించుకో" అని ఇచ్చిపోయాడు. దాన్ని పొట్టకు ఆనించుకుని, పైనున్న చిన్న అద్దంలోకి చూడాలి. గూబ కుడికి తల తిప్పితే అద్దంలో ఎడమకు తిరిగేది.

నాయనమ్మకు కెమెరా అంటే హడల్. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందట. తాతయ్య దిగిన ఏడాదే పోయాడట.

ఆమె మట్టి తట్టతో లేచింది. నేను తొర్ర కింద నిలబడి కెమెరా ఆమె వైపు తిప్పాను. అంతే... కొంగు మొహం మీదికి లాక్కుని ఇంట్లోకి పోయింది. మట్టి ఎండిపోయింది. మర్నాడు మళ్లీ మట్టి... మళ్లీ కెమెరా. వాళ్ల అమ్మ పాట్లు చూసి బాపు అరుగు మీద కూర్చుని నవ్వు ఆపుకోలేక అవస్థపడేవాడు.

కానీ ఎన్నాళ్లని కావలి కాయను? నేను స్నానానికి పోతే చాలు, ఆమె పని అయిపోతుంది. అందుకే ఓ రోజు అడిగాను.

"నాయనమ్మా, ఫోటువ దించితే గూబ ఆయుష్షు గూడ తగ్గుతదా?"

ఆమె చేతులాగాయి. "ఎందుకు తగ్గది? పానం పానమే."

"మరి మట్టెందుకు, నీకీ పాపమెందుకు? నేను దించుత గద."

ఆమె మట్టి తట్ట పక్కకు నెట్టింది. "మంచిగ దించు. ఫోటువల కండ్లు వడేటట్టు దించు" అని చేతులు కడుక్కున్నది.

ఆ రోజు నుంచి గూబలు ఎప్పుడు చస్తాయా అని చూడటమే ఆమె పని. చింతపండు గింజ తీసే పీట కూడా కొట్టం ముందుకు వచ్చింది. పొద్దుగూకే వేళ తల్లి ఏ మిడతనో, ఎలుకపిల్లనో పట్టుకొచ్చేది. పిల్లలు తొర్ర అంచుకు వచ్చి, తలలు కిందికీ మీదికీ ఊపుతూ మమ్మల్ని ఎగాదిగా చూసేవి.

"చిన్నది ఇంక ముందటికి వస్తలేదేందే? అంత ఆ పెద్దదే మింగుతున్నది, తిండిబోతుది" అనేది నాయనమ్మ. ఆమె ఎవరి పక్షమో అప్పటికే అందరికీ తెలిసిపోయింది, ఆమెకు తప్ప.

గూబలు చావలేదు. బలిశాయి. ఒక సాయంత్రం పిల్లలన్నీ తొర్ర దాటి కొట్టం కప్పు మీదికి ఎగిరాయి.

"అన్నిసార్లు దించినవు... ఒక్కదానికి గూడ ఏం గాలే" అంది నాయనమ్మ మెల్లగా.

మర్నాడు పొద్దున పెట్టెలోంచి నారాయణపేట చీర తీసి కట్టుకుని, తొర్ర కింద పీట వేసుకుని కూర్చుంది. "దించు."

రీలులో ఒక్క ఫొటోకే జాగ ఉంది. పిల్లలన్నీ వరుసగా కూర్చున్నప్పుడు తీయాలని దాచుకున్నది... పోనీ అనుకున్నాను.

"కదలకు నాయనమ్మా."

"నేను ఊపిరే తీస్తలేను. నువ్వు మాట్లాడకు."

మామ కడిగించి తెచ్చిన ఫొటోల్లో గూబలన్నీ మసకే... తలలు ఊపడం ఆపితే కదా. ఆ ఒక్కటే తేటగా వచ్చింది. కింద నాయనమ్మ, పైన తొర్రలోంచి తొంగిచూస్తున్న తల్లిగూబ. రెప్పవేయని ఆ చూపు ఇద్దరిదీ ఒకటే.

చిన్నకోడూరు నుంచి వచ్చిన ఆమె చెల్లెలు అది చూసి నోరు నొక్కుకుంది. "గూబ కింద కూసున్నవేందే అక్కా?"

"ముందు నేనే కూసున్న. అదొచ్చి సూసింది."

ఇప్పుడు నేను హైదరాబాదులో కాలేజీ హాస్టల్లో ఉంటున్నాను. ఒక్కచోట నిలవని నేను ఆ గోడ ముందు అంతసేపు ఎట్లా కూర్చున్నానో... ఇక్కడి గోడలన్నీ నున్నటి సున్నం.

మొన్నటి వానలకు కొట్టం గోడ కూలింది. కొత్తది కడుతుంటే నాయనమ్మ మేస్త్రీతో కొట్లాడి, దూలం కింద ఒక తొర్ర వదిలిపెట్టించింది. సెలవులకు పోయినప్పుడల్లా ఇద్దరం దాని ముందు కూర్చుంటాం. ఇంతవరకు ఎవరూ రాలేదు...

మీ ఇంటి గోడల్లో ఎవరు కాపురముండేవాళ్లు? రాయండి... నాయనమ్మకు చదివి వినిపిస్తాను.