కొళాయి నాది, నవ్వు వాడిది

నిన్న పొద్దున అరకు నుంచి ఫోన్. సోమన్న పోయాడన్నారు.

నమ్మలేదు. తన చావు కబురు తానే పంపించి, ఎవరెవరు ఏడుస్తారో వీడియో తీసుకునే రకం వాడు.

తిరిగి ఫోన్ చేస్తే వాళ్ల చెల్లి ఎత్తింది. "గుండె ఆగిపోనాదన్నా. బేగి రా" అంది.

దొరికిన బస్సెక్కాను.

సోమన్న నా స్కూల్ ఫ్రెండ్. మాది సంత దగ్గర కిరాణా కొట్టు, వాళ్లది కొండ మీద ఊరు. పెద్దయ్యాక నేను కవినయ్యాను. వాడు పెళ్లిళ్లకి వీడియో తీస్తూ, తనని తాను డైరెక్టర్ అని పిలుచుకునేవాడు.

పోయినవాళ్ల గురించి మంచిగా రాయాలంటారు. నాకు మాత్రం వాడంటే కుళ్లు. ఇవాళ కూడా.

తొంభైల్లో మాట. వాళ్ల ఊళ్లో ఒక నాయకుడు కొళాయి ప్రారంభించాడు. రిబ్బన్ కట్ చేశాడు, ఆడవాళ్లని ఎండలో నిలబెట్టి థింసా ఆడించుకున్నాడు, కారెక్కి వెళ్లిపోయాడు. ఆ కొళాయిలో చుక్క నీళ్లు రాలేదు. అసలు పైపే వేయలేదు.

నాకు ఒళ్లు మండి కవిత రాశాను. కొళాయిని మహారాజులా పొగుడుతూ, లోపల అంతా వెటకారం. "నీ మౌనమే మా దాహానికి మంగళవాద్యం" అని ఒక లైను. పత్రికలో వచ్చింది. వైజాగ్‌లో కవి మిత్రులు భుజం తట్టారు.

ఆ నాయకుడూ చదివాడు.

చదివి, నన్ను స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పాడు. కొళాయిని నిజంగానే పొగిడాననుకున్నాడు మహానుభావుడు. కింద కూర్చున్న సోమన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

తర్వాత వాడు సినిమా తీశాడు. పెళ్లి కెమెరాతోనే.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. చైత్రంలో ఇటుకల పండగకి మా కొండల్లో మగవాళ్లు వేటకి వెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు పట్టుకుని ఆపేస్తారు. పేడనీళ్లు పోస్తారు. ఎంతటివాడైనా కోప్పడకూడదు.

సినిమా అంతా ఇదే. తెల్ల చొక్కా వేసుకున్న నాయకుడు విల్లు పట్టుకుని హైదరాబాద్‌కి వేటకి బయలుదేరతాడు. తిరిగొచ్చేసరికి వెదురు అడ్డం. "ఏటి తెచ్చినావు బాబూ?" అని ఆడవాళ్లు అడుగుతారు. వాడు జేబులోంచి ఒక కొళాయి తీసి చూపిస్తాడు. ఒకావిడ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, వాడి చేతిలోనే పెట్టేస్తుంది. తర్వాత పేడనీళ్లు.

కొళాయి నాది. నా కవితలోంచి ఎత్తుకుపోయాడు దొంగ వెధవ.

సంత రోజు టీ కొట్లో టీవీ పెట్టి వేశారు. జనం విరగబడి నవ్వారు. మళ్లీ వేయమన్నారు. మూడోసారి వేస్తుండగా పోలీసులు వచ్చి క్యాసెట్‌నీ, వాణ్నీ పట్టుకుపోయారు. క్యాసెట్ ఇక తిరిగి రాలేదు.

సోమన్న బయటికొచ్చి నేరుగా మా కొట్టుకే వచ్చాడు. "నీకు శాలువా కప్పినారు, నన్ను టేసన్లో కూకోబెట్టినారు. ఎవుడిది తగిలిందో సెప్పు" అన్నాడు.

అప్పటి నుంచీ కుళ్లుతూనే ఉన్నాను. నా కవితలో వెటకారం అర్థం కావాలంటే చదువుకుని ఉండాలి, పైగా మనసుండాలి. వాడి సినిమాలో ఆడవాళ్లు ఒక ప్రశ్న అడిగారు, అంతే. చదువు రాకపోయినా, ఎదురుగా కూర్చున్న ప్రతివాడికీ అది తగులుతుంది.

నిన్న మధ్యాహ్నం వాళ్ల ఊరు చేరాను. అప్పటికే ఏడుపులు. ఇంతలో కింద నుంచి కారు వచ్చింది. ఆ నాయకుడే. పదవి పోయి చాలా కాలమైంది, పెద్దవాడైపోయాడు, చేతిలో పూలదండ.

ఆ సినిమాలో నటించిన ఆడవాళ్లు ఇప్పుడు ముసలమ్మలు. ఏడుస్తున్నవాళ్లే లేచారు. పాడె కోసం నరికి తెచ్చిన వెదురు ఒకటి తీసి దారికి అడ్డంగా పట్టుకున్నారు.

"ఏటి తెచ్చినావు బాబూ?"

ఊరంతా నవ్వింది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉన్నారు. సోమన్న చెల్లి కూడా నవ్వింది. ఆయన తల దించుకుని కారు దిగి, వెదురు కింద నుంచి వంగి, నడిచి వచ్చాడు.

క్యాసెట్ లేదు. అప్పుడు పుట్టని పిల్లలకి కూడా ఆ మాట వచ్చు. నా కవిత మూడు సంకలనాల్లో ఉంది. నేను పోయిన రోజు అందులోంచి ఒక్క లైను ఎవరైనా అంటారా?

నిన్న పాడె మోస్తూ కూడా అదే ఆలోచన. ఇంత కుళ్లు నాకు ఇంకెవరి మీదా లేదురా. ఇంత ప్రేమా లేదు.

వెళ్లిరా సోమన్నా. అక్కడ కూడా ఎవరైనా వెదురు అడ్డం పెట్టి ఏటి తెచ్చినావని అడిగితే, నిన్న మీ ఊరు నవ్విన నవ్వు చూపించు. దారి ఇస్తారు.

కొళాయి మాత్రం నాదని చెప్పు.

హాయిగా పడుకోరా.